పక్కమాట చెప్పే లెక్క

ఫ్రెంచిలో 'చిన్న' అనడానికి వాడే విశేషణం నిజంగానే చిన్నది. కాగితం మీద అయిదే గుర్తులు: పీ, ఈ, టీ, ఐ, టీ. ఇంగ్లీషు చదువుకున్న కన్ను దాన్ని చూడగానే 'పెటిట్' అనేస్తుంది. ఫ్రెంచి నోరు మాత్రం 'పెతి' అంటుంది. చివరి టీ మూగది. మధ్యలో ఉన్న టీని నాలుక కొస పై పళ్లకు తగిలించి, మన 'త' లాగానే పలుకుతారు. మొదటి అచ్చు మన 'ఎ'కూ 'అ'కూ మధ్య ఎక్కడో, పెదవులు కాస్త గుండ్రం చేస్తే పుడుతుంది. దానికి తెలుగులో గుర్తు లేదు కనక 'ఎ'తో సరిపెట్టుకుందాం. ఇక అసలు ప్రశ్న. ఈ మాటలో అక్షరాలెన్ని? అక్షరమంటే ఇక్కడ నోరు ఒక్క ఊపులో పలికేది, పద్యంలో మనం లెక్కపెట్టుకునేది. రెండు అనొచ్చు. ఒకటే అనొచ్చు. స్త్రీలింగ రూపం తీసుకుంటే మూడని కూడా వాదించొచ్చు. ముగ్గురు వాదిస్తే ముగ్గురూ నెగ్గుతారు.

నాలాంటి వాడికి ఇది మింగుడు పడే సంగతి కాదు. పద్యం చెవిన పడితే చాలు, బొటనవేలు తక్కిన వేళ్ల కణుపుల మీద పరుగెత్తే అలవాటు నాకు చిన్నప్పుడే అంటుకుంది. ఉత్పలమాలకు పాదానికి 20, చంపకమాలకు 21, శార్దూలానికి 19. ఒక్కటి తగ్గితే ఛందోభంగం. అలా పెరిగినవాడు పెద్దయ్యాక ఫ్రెంచి నేర్చుకోవడానికి కూర్చుంటే, ఒక బుల్లి విశేషణం పూటకో లెక్క చెబుతోంది. మొదట్లో ఇది భాష పెంకెతనంలా కనిపించింది. కాస్త చెవి పెట్టి వింటే, మన ఛందస్సులోనూ ఇలాంటి కథే ఉందని గుర్తొచ్చింది. 'పద్మ' అన్నప్పుడు మొదటి 'ప' తనంతట తాను లఘువే. పక్కన 'ద్మ' వచ్చి నిలబడింది కనక గురువయింది. దాని బరువు దాని చేతిలో లేదు. పక్కవాడి చేతిలో ఉంది.

పుదుచ్చేరిలో పుట్టి పెరిగిన మా ఫ్రెంచి మాస్టారు ఒక పద్ధతి పెట్టారు. వాక్యం చదివి, దాన్ని మాటలుగా విడగొట్టకుండా, విన్నది విన్నట్టు ఒకే దండగా రాయమనేవారు. తెలుగు లిపిలో రాసినా సరేననేవారు. "మాటల మధ్య ఖాళీ కాగితానికే ఉంటుందండీ, నోటికుండదు" అని ఆయన మాట. మాకది కొత్తేమీ కాకూడదు. మన తాళపత్రాల్లో మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండేది కాదు. ఎక్కడ విరవాలో చదివేవాడే తేల్చుకునేవాడు. ఈ రాతలో అరసున్నకు మళ్లీ ఉద్యోగం దొరికింది. ముక్కుతో పలికే ఫ్రెంచి అచ్చులకు అంతకన్నా నప్పే గుర్తు లేదు. పిల్లవాడు 'ఆఁఫాఁ', యువరాజు 'ప్రాఁస్'. మన పుస్తకాల్లోంచి దాదాపు వెళ్లిపోయిన ఆ సగం సున్న నా నోటుపుస్తకంలో పేజీకి పది చోట్ల కనిపించేది.

ఫ్రెంచి రచయిత సేంతెగ్జుపెరీ 1943లో న్యూయార్కులో అచ్చువేయించిన ఆ చిన్న యువరాజు కథ పేరునే తీసుకోండి. కాగితం మీద విడగొడితే లె-పె-తి-ప్రాఁ-స, అయిదు. మామూలుగా మాట్లాడే పారిస్ మనిషి నోట లెప్-తి-ప్రాఁస్, మూడు. 'పె'లో అచ్చు ఎగిరిపోయింది. ఒంటరైన 'ప్' వెనక్కి జరిగి 'లె'ను పట్టుకుంది. విశేషణం రెండు ముక్కలై, మొదటి ముక్క ముందు మాటలో కలిసిపోయింది.

అయితే ఆ అచ్చు ఎప్పుడు పడితే అప్పుడు ఎగరదు. దానికో లెక్కుంది. 'ఆ చిన్నది' అనాలంటే 'లా' తర్వాత స్త్రీలింగ రూపం వస్తుంది. పలికేది లాప్-తిత్. రెండే అక్షరాలు. 'ఒక చిన్నది' అనాలంటే ముందు 'యున్' వస్తుంది. ఇక్కడ అచ్చు ఎగిరిపోతే న, ప, త మూడు హల్లులు గుమిగూడి నాలుకకు అడ్డం పడతాయి. అందుకని అచ్చు నిలబడుతుంది. యున్-పె-తిత్, మూడు. విశేషణం అదే, అర్థం అదే, స్పెల్లింగూ అదే. ముందున్న మాట అచ్చుతో ముగిస్తే ఇది కుదించుకుంటుంది, హల్లుతో ముగిస్తే విప్పుకుంటుంది. పెళ్లిభోజనాల బంతిలో పక్కాయన సర్దుకు కూర్చుంటే మనమూ కాళ్లు చాపుకుంటాం, ఆయన మఠం వేస్తే మనమూ ముడుచుకుంటాం చూడండి, అచ్చం అలాగే. ఈ సంగతిని సూత్రంగా చెప్పినవాడు మోంపెలియేలో ఆచార్యుడిగా ఉన్న మొరీస్ గ్రామోఁ. దాన్ని 'మూడు హల్లుల సూత్రం' అంటారు. భాషాశాస్త్రంలో చాలా సూత్రాల్లాగే దీనికీ మినహాయింపులు బోలెడు ఉన్నాయి. సూత్రం కన్నా నన్ను పట్టుకున్నది దాని వెనకున్న మర్యాద. మాట తన పొడవును తాను ముందే తేల్చుకుని రాదు. వచ్చి, పక్కన ఎవరున్నారో చూసుకుని, తర్వాత తేల్చుకుంటుంది.

నిఘంటుకారులకు ఈ మర్యాద పెద్ద తలనొప్పి. నిఘంటువులో ప్రతి మాటా ఒంటరిగా నిలబడాలి కదా. పక్కన ఎవరూ లేనప్పుడు ఏ పొడవు రాయాలి? 1967లో వచ్చిన 'పెతి రొబేర్' నిఘంటువు ఒక ఉపాయం చేసింది. దాని పేరులోనే మన విశేషణం ఉంది. చేతులు నొప్పి పుట్టే బరువున్నా, దాని ముందు వచ్చిన ఆరు సంపుటాల పెద్దన్నతో పోలిస్తే ఇది చిన్నదే. అందులో ఈ విశేషణం ఉచ్చారణను ధ్వనిలిపిలో రాసిన చోట మొదటి అచ్చును, అంటే తలకిందులు చేసిన ఆ 'ఈ' గుర్తును, కుండలీకరణాల్లో పెట్టారు. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మీ ఇష్టమని కూడా దాని అర్థం కాదు, మీ పక్కవాడి ఇష్టమని. తలకిందుల గుర్తులున్న ఆ లిపిని తయారుచేసిన ధ్వనిశాస్త్ర సంఘం కూడా పారిస్‌లోనే, 1886లో, భాషలు చెప్పే పంతుళ్లు కొందరు కలిసి పెట్టుకున్నది. దాని స్థాపకుడు పోల్ పస్సీ. 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతిని పంచుకున్న ఇద్దరిలో ఒకరైన ఫ్రెదెరిక్ పస్సీకి ఆయన కొడుకు. తండ్రి దేశాల మధ్య తగవులు తీర్చబోతే, కొడుకు రాతకూ నోటికీ మధ్య తగవు తీర్చబోయాడు. రెండు తగవులూ ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

రాసిన అచ్చును మింగడమేనా, రాయని అచ్చును పుట్టించడమూ ఫ్రెంచివాళ్లకు వచ్చు. పారిస్‌లోని విజయ తోరణం పేరు 'ఆర్క్ ద త్రియోఁఫ్'. ర, క, ద మూడూ ఒకదాని మీద ఒకటి పడేసరికి చాలామంది నోట అది 'ఆర్కె ద త్రియోఁఫ్' అవుతుంది. ఆ 'ఎ' ఏ స్పెల్లింగులోనూ లేదు. మన పల్లెల్లో 'ఇస్కూలు', 'ఇస్టేషను' అంటే నవ్వే పట్నంవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. లాటిన్ 'స్కోలా'ను ఫ్రెంచివాళ్లు మొదట 'ఎస్కోల్' చేశారు, ఆ తర్వాత మధ్యలో ఉన్న 'స్'ను వదిలేసి 'ఎకోల్' చేశారు. ముందు అచ్చు తగిలించుకోకపోతే వాళ్ల నాలుకా కదల్లేదు. మన ఇస్కూలు అక్కడ ఎప్పుడో ప్రామాణిక భాష అయిపోయింది.

విశేషణం ముందున్న మాట సంగతి ఇది. వెనక వచ్చే మాటతో దీనికి ఇంకా చిక్కటి బంధం. చివరి టీ మూగదన్నాను. వెనక వచ్చే మాట అచ్చుతో మొదలైతే ఆ మూగ టీకి గొంతు వస్తుంది. స్నేహితుడు 'అమి'. చిన్న స్నేహితుడు, అంటే వాడుకలో ప్రియుడు, 'పె-తి-త-మి'. ఆ 'త' విశేషణానిదే. పలికేటప్పుడు మాత్రం స్నేహితుడి ఇంట్లోకి వెళ్లి, అతని 'అ'తో కాపురం పెట్టింది. దీన్ని 'లియెజోఁ' అంటారు. మన వ్యాకరణంలో దీనికి దగ్గరి చుట్టం ద్రుతం. 'పూచెన్' చివరి నకారం, వెనక 'కలువలు' వస్తే 'పూచెంగలువలు', 'పూచెఁగలువలు' అంటూ వేషాలు మారుస్తుంది, 'క'ను 'గ'గా మారుస్తుంది. అచ్చు ఎదురైతే దానితో కలిసిపోతుంది. ఏమీ ఎదురుకాకపోతే 'పూచె' అని వదిలేసినా చెల్లుతుంది. బాలవ్యాకరణం సంధి పరిచ్ఛేదంతో కుస్తీ పట్టిన తెలుగువాడు ఫ్రెంచి లియెజోఁకు భయపడాల్సిన పనే లేదు. మనల్ని భయపెట్టేది ఇంగ్లీషు బళ్లో అబ్బిన అలవాటు. ప్రతి మాటనూ గోడ కట్టిన గదిలా వేరువేరుగా వల్లె వేసే అలవాటు.

చిత్రమేమిటంటే, ప్రియురాలు అన్నా 'పె-తి-త-మి'నే. స్త్రీలింగ రూపంలో టీ ఎలాగూ పలుకుతుంది, ఆ వెనక ఉన్న 'ఈ' గుర్తు అచ్చు ముందు మాయమవుతుంది. రాతలో రెండు గుర్తుల తేడా ఉంది. చెవికి ఒక్కటీ తేడా లేదు. 'నా' అన్న మాటకు లింగభేదం ఉంది కనక 'నా ప్రియుడు', 'నా ప్రియురాలు' విడివిడిగానే వినిపిస్తాయి. 'మీ' అన్న మాటకు ఆ భేదం లేదు. కాబట్టి 'మీ పెతితమి ఎలా ఉన్నారు' అని అడిగితే ఎవర్ని ఉద్దేశించారో వినేవాడు తన ఇష్టప్రకారం అనుకోవచ్చు. ఎదుటివాళ్ల సంసారాల గురించి అతిగా ఊహించుకోకుండా మర్యాదగా పలకరించడానికి ఇంతకు మించిన ఏర్పాటు ఏ వ్యాకరణమూ చేయలేదనుకుంటాను.

బహువచనంలో ఇదే విశేషణం మరో వేషం వేస్తుంది. చివర ఎస్ చేరుతుంది. వెనక అచ్చు ఉంటే ఆ ఎస్ 'జ'గా, అదీ మన 'జ' కన్నా సన్నగా జుమ్మనేలా, పలుకుతుంది. చిన్నపిల్లలు 'పె-తి-జాఁ-ఫాఁ'. మనవలు, మనవరాళ్లు కూడా 'పె-తి-జాఁ-ఫాఁ'నే. రాతలో మనవలకు మధ్యలో అడ్డగీత ఉంటుంది, చిన్నపిల్లలకు ఉండదు. నోరు అడ్డగీతను పలకదు కనక, ఇంటి ముందు ఆడుకుంటున్నది ముసలాయన మనవలో ఊరివాళ్ల పిల్లలో మాటను బట్టి తేలదు. ఆయన మొహం చూడాలి.

కొన్ని మాటలు ఈ స్నేహాన్ని ఒప్పుకోవు. వీరుడు 'ఎరో'. అచ్చుతోనే మొదలైనట్టు వినిపిస్తుంది. కాని రాతలో ముందు ఒక హెచ్ ఉంది. దాన్ని ఎవరూ పలకరు. అయినా అది గుమ్మంలో నిలబడి ఎవర్నీ లోపలికి రానివ్వదు. 'పె-తి-ఎ-రో' అనాలే తప్ప మధ్యలో 'త' దూరకూడదు. బహువచనంలో ఈ పట్టుదల చాలా అవసరం. 'లే' తర్వాత 'జ'ను రానిస్తే వీరులందరూ 'లే-జే-రో', అంటే సున్నాలు అయిపోతారు. వీరనారికి మాత్రం ఈ అడ్డు లేదు. 'ఎరొయీన్' ముందు 'జ' హాయిగా వచ్చి కలుస్తుంది. సున్నా అయిపోయే ప్రమాదం మగ వీరులకే ఉందన్నమాట.

పలుకును పక్కన పెట్టి కంటితో మాటను చక్కదిద్దాలనుకుంటే ఏమవుతుందో చెప్పడానికి 'పెద్ద' అన్న విశేషణం కథ ఉంది. దాని పుంలింగం 'గ్రాఁ', స్త్రీలింగం 'గ్రాఁద్'. మరి అమ్మమ్మనూ నానమ్మనూ 'గ్రాఁద్ మేర్' అనాలి కదా? అనరు, 'గ్రాఁ-మేర్' అంటారు. లాటిన్‌లో ఈ విశేషణానికి రెండు లింగాల్లోనూ ఒకటే రూపం. పాత ఫ్రెంచిలోనూ అంతే. స్త్రీలింగపు 'ఈ' తర్వాతెప్పుడో తక్కిన విశేషణాలను చూసి తెచ్చిపెట్టుకున్నది. అమ్మమ్మ అంతకు ముందే పుట్టింది కనక ఆ కొత్త తోక ఆమెకు తగల్లేదు. ఇది మరచిపోయిన పండితులు, అక్కడ ఒక 'ఈ' ఊడిపోయిందనుకుని, దాని జ్ఞాపకార్థం ఒక అపాస్ట్రఫీ పెట్టారు. ఎన్నడూ లేని అక్షరానికి తద్దినం పెట్టినట్టయింది. ఫ్రెంచి అకాడమీ తన నిఘంటువు ఎనిమిదో కూర్పులో, 1930లలో, ఆ గుర్తు తీసేసి అడ్డగీత పెట్టింది. ఆ శతాబ్దాలన్నిటిలోనూ మనవలు మాత్రం ఏ తేడా లేకుండా 'గ్రాఁ-మేర్' అని పిలుస్తూనే ఉన్నారు.

ఇంతకీ ఆ మూడక్షరాల వాదన ఎక్కడిది? పద్యంలోది. ఫ్రెంచి నాటక పద్యానికి పాదానికి 12 అక్షరాలు, ఆరింటి దగ్గర విరుపు. రసీన్ 1677లో రాసిన 'ఫేద్ర్' అంతా ఆ కొలతే. ఆ లెక్కలో స్త్రీలింగపు చివరి 'ఈ' వెనక హల్లు వస్తే పూర్తి అక్షరం: పె-తి-త. అచ్చు వస్తే లెక్కలోకి రాదు. పాదం చివర వచ్చినా రాదు, కాని ప్రాసకు 'స్త్రీ ప్రాస' అన్న పేరు ఇచ్చి పోతుంది. అంటే పద్యమూ మాటకు సొంత పొడవు ఇవ్వలేదు. అక్కడా పక్కమాటదే తీర్పు, చట్టం మాత్రమే వేరు. పాటలోనూ ఇంతే. మన నర్సరీ పిల్లలకు కూడా ఇంగ్లీషు వేషంలో తెలిసిన 'ఫ్రేర్ జాక్' పాట పేరు మాట్లాడితే రెండక్షరాలు, పాడితే నాలుగు.

దక్షిణాన మార్సెయ్, తులూజ్ వైపు వెళితే సంతలో కూరగాయలమ్మే ఆవిడ కూడా 'పె-తి-త' అని తీరిగ్గా చివరి అచ్చు పలుకుతుంది. పారిస్‌వాళ్లకు అది యాస, కాస్త వేళాకోళం. రసీన్ నాటకం చూడ్డానికి టికెట్టు కొనుక్కుని వెళ్లి, రంగస్థలం మీద అదే అచ్చు వింటే ఉచ్చారణ సౌందర్యం. తెలుగువాడికి ఈ దక్షిణపు యాస ముందు నచ్చుతుంది. హల్లుతో ముగిసే మాట మనకు కాలికి చెప్పు లేనట్టు ఉంటుంది. 'బస్' వస్తే 'బస్సు' అంటాం. 'తిత్' దగ్గర ఆగమంటే ప్రాణం మీదికొస్తుంది.

మాటల సరిహద్దులు చెవివేనని ఒప్పుకుంటే, ఆ చెవి వేరే చోట గీత గీస్తే ఏమవుతుందన్న ప్రశ్న వస్తుంది. ఫ్రెంచి పసిపిల్లలు ఎలుగుబంటిని 'నూర్స్' అంటుంటారు. 'అన్ ఊర్స్' లాంటిది విని, ముందు మాటలోని 'న్'ను ఎలుగుబంటికే తగిలిస్తారు. పెద్దవాళ్లు దిద్దుతారు. ఆ పెద్దవాళ్లే గోడలెక్కే ఐవీ తీగను 'లియేర్' అంటారు. ఒకప్పుడు అది 'ఇయేర్', ముందున్న 'ల్' అన్నది 'ఆ' అనే నిర్దేశక పదం. అతుక్కుపోయింది. దాన్ని దిద్దేవాళ్లు లేక అదే శిష్టభాష అయింది.

ఇదే పని ఒక జనమంతా చేసినప్పుడు కొత్త భాషే పుట్టింది. మారిషస్ 1715 నుంచి 1810 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉంది. మడగాస్కర్ నుంచి, తూర్పు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులకు ఎవరూ స్పెల్లింగులు నేర్పలేదు. వాళ్లు విన్నారు, విన్నచోట విరిచారు. 'లా కాజ్' అంటే 'ఆ గుడిసె'. వాళ్ల క్రియోల్‌లో ఇల్లే 'లకాజ్' అయింది. పక్షుల బహువచనంలో లియెజోఁగా వచ్చే 'జ' ఏకవచనానికీ అంటుకుని, ఒక్క పిట్ట అయినా 'జ్వాజో' అయింది. మన విశేషణం అక్కడ 'తిప్తి' అయింది, పిట్ట ముందు వస్తే ఇంకా పొట్టిగా ఉత్త 'తి'. ఫ్రెంచిలో ఊనిక ఎప్పుడూ చివరి అక్షరం మీద పడుతుంది. పడవలు దాటి, తోటలు దాటి మిగిలింది ఆ ఊనిక పడ్డ అక్షరమే. అట్లాంటిక్ అవతల హైతీలోనూ 'చిన్న' అంటే 'తి'నే.

1830ల తర్వాత చెరకు తోటల్లో కూలికి మన గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న కోరంగి రేవు నుంచి తెలుగువాళ్లు మారిషస్ దీవికి ఓడలెక్కారు. అక్కడ వాళ్లకు 'కోరంగీలు' అనే పేరు వచ్చింది. ఆ రేవు దగ్గర్లోనే ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలనలోనే ఉంది. అక్కడ ఫ్రెంచి కచేరీ కాగితాల మీద, బడి పుస్తకాల్లో వచ్చింది. మారిషస్ వెళ్లినవాళ్లకు అది తోటలో, వంటింట్లో, చెవి దారిన వచ్చింది. ఇవాళ అక్కడి తెలుగు కుటుంబాల్లో పిల్లలకు తెలుగు బడిలో నేర్చుకునే భాష, ఇంట్లో వాగేది ఎక్కువగా క్రియోల్. పిల్లవాడు పిట్టను చూసి 'తి జ్వాజో' అన్నప్పుడు, రసీన్ ఎంతో జాగ్రత్తగా లెక్కపెట్టుకున్న విశేషణం ఒక్క అక్షరానికి వచ్చి ఆగింది. దాంట్లో లోపమేమీ నాకు కనిపించదు. మాట పొడవును పక్కమాటే తేల్చాలన్న ఫ్రెంచివాళ్ల నియమాన్ని వాళ్లకన్నా నిజాయితీగా పాటించింది వీళ్లే.

2012లో మారిషస్ ప్రాథమిక బడుల్లోకి క్రియోల్ ఒక పాఠ్యాంశంగా అడుగుపెట్టింది. అందుకు ముందు దానికి ప్రామాణికమైన రాత కుదిర్చారు. 'తిప్తి'కీ స్పెల్లింగు వచ్చింది, నిఘంటువులో చోటు వచ్చింది, పరీక్ష వచ్చింది. వినికిడితో పుట్టిన భాషకు ఎర్రసిరా వచ్చింది. ఆ భాషకు గౌరవం దక్కిందని సంతోషంగానే ఉంది. కాని నాకు ఫ్రెంచి పండితుల చరిత్ర కొంచెం తెలుసు. ఇప్పటి పిల్లలు ఇంకో రెండు తరాల్లో 'తిప్తి'ని ఇంకేదో చేస్తారు. అప్పటి పంతులు స్పెల్లింగు చూపించి గద్దిస్తాడు. పిల్లలు తల ఊపి, బయటికి పోయి, పక్కన ఏ మాట ఉందో చూసుకుని తమ లెక్క తాము వేసుకుంటారు. పంతులు ఓడిపోతాడు. ఓడిపోవాలి కూడా.